పెర్కిట్‌లో గుడ్డ కింద బేరం

ఐదు నెలల పిల్లను పొట్టకు కట్టుకుని పసుపు బేరానికి ఆర్మూర్ పోయిన ఆడది మా బజారులో నేనొక్కదాన్నే. ఇంట్లో వద్దన్నారు. కిరాణా కొట్టు గల్లా పక్కన పెరిగినదాన్ని, వద్దంటే వింటానా? పిల్లను కట్టుకునే నేతగుడ్డకు అమ్మేటాయన పద్నాలుగు వందలు చెప్తే ఏడు వందలకు దించాను. అంత బేరమాడి తెచ్చింది బీరువాలో పెట్టడానికా?

మార్చి నెల, కొత్త పసుపు దిగే రోజులు. పొద్దున ఏడున్నరకు నిజామాబాద్‌లో పల్లెవెలుగు ఎక్కాను. ఆడవాళ్లకు టికెట్టు సున్నా కాబట్టి సీటు దొరకడం కష్టం. పోయేవాళ్లు బస్సు స్టాండులోకి తిరిగేటప్పుడే కిటికీలోంచి రుమాలు వేయండి. నా పక్కనామె కమ్మర్‌పల్లికి పసుపు తవ్వే కూలికి పోతోంది. రెండేళ్ల కొడుకును పాత చీరతో చంకకు కట్టుకుంది. నా గుడ్డ ధర అడిగి తెలుసుకుని నవ్వింది.

"మావోడు చిరిగిన చీరల పెరిగిండు, నీ బిడ్డ ఏడు నూర్ల గుడ్డల పెరుగుతున్నది. ఉచ్చ పోస్తే రెండూ ఒక్కటే అక్కా."

నాదీ అప్పటికే తడిసిందని ఒప్పుకున్నాను.

ఆర్మూర్‌లో దిగి ముప్పై రూపాయల ఇడ్లీ తిని, ఇరవై ఇచ్చి ఆటోలో పెర్కిట్ చేరాను. అక్కడి పసుపు గోదాములో కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ము తిరుగుతోంది. గాలంతా దుమ్ము. పిల్ల తుమ్మింది. వేలాడుతున్న గుడ్డ కొసను దాని మొఖం మీదికి లాగాను. కాసేపటికి నిద్రపోయింది.

దళారి ముసలాయన. ఇప్పుడు ధరలన్నీ ఫోన్లలోనే. ఆయన మాత్రం పక్కవాళ్లకు తెలియకుండా గుడ్డ కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర చెప్పే పాత మనిషి. ఆ విద్య మా నాన్న నాకూ నేర్పాడు. ఆడమనిషి చెయ్యి పట్టుకోవడానికి ఆయన వెనకాడాడు.

"మనుమరాలి చెయ్యి అనుకో తాతా. భయమైతే ధర తగ్గించు, ఇడిసిపెడ్త."

నీ నోరు సేటు నోరే అని నవ్వి తువ్వాలు కోసం వెతుక్కున్నాడు. దొరకలేదు. నేనే పిల్ల మీది కొసను ఇంకా ముందుకు లాగి మా చేతుల మీద పరిచాను.

ఆయన నొక్కుతాడు, నేను ఆయన వేళ్లు మడుస్తాను. మిగతా కొనేవాళ్లు మా మొఖాలు చూస్తున్నారు. క్వింటాలుకు రెండు వందలు తగ్గాక ఆయన చెయ్యి లాక్కున్నాడు. రెండు క్వింటాళ్లు నావి. గెలిచిన మొఖంతో గుడ్డ తీశాను.

పిల్ల పెదవులు నీలంగా ఉన్నాయి. గడ్డం దాని రొమ్ము మీదికే ముడుచుకుపోయింది. గిల్లినా ఏడవలేదు.

ముడి విప్పింది ముసలాయనే, నా వేళ్లకు అది రాలేదు. ఆటో ఆపింది కూడా ఆయనే. దవాఖాన దాకా పిల్ల నోట్లోకి ఊదుతూనే ఉన్నాను, సరిగ్గా ఊదానో లేదో తెలియదు. దారిలో ఒకసారి దగ్గింది.

ఆక్సిజన్ పెట్టాక డాక్టరమ్మ తిట్టలేదు. "గుడ్డలో కట్టుకోవడం తప్పు కాదమ్మా. మొఖం తెరిచి ఉండాలి, గడ్డం పైకుండాలి. బతికింది. మెదడుకేమన్నా అయిందా అన్నది ఎదిగేకొద్దీ చూడాలి."

"ఎన్నాళ్లు చూడాలె మేడమ్?"

"నడిచేదాకా. మాట్లాడేదాకా."

మూడో రోజు మధ్యాహ్నం బస్సులో ఇంటికి బయలుదేరాం. మా ఆయన పక్కన, పిల్ల నా ఒళ్లో. గాజులు ఆడిస్తే ఒకసారి చూస్తుంది, ఒకసారి చూడదు. పసుపు మాకంటే ముందే కొట్టుకు చేరింది.

ఖర్చెంతయిందని ఆయన అడిగితే చెప్పాను. బస్సు సున్నా. ఇడ్లీ, ఆటో కలిపి యాభై. దవాఖాన ఆటో అతను డబ్బు తీసుకోలేదు. దవాఖాన పదకొండు వేల నాలుగు వందలు. బేరంలో మిగిలింది నాలుగు వందలు.

ఆయనకు చెప్పనిది ఒకటుంది. చివరి వేలు మడిచేటప్పుడు గుడ్డ లోపల పిల్ల రెండుసార్లు తన్నింది. నాకు తగిలింది. ధర చెడుతుందని చెయ్యి తీయలేదు.