గట్టు మీద మిరప

ప్రభుత్వం వారు దయతలచి నరసరావుపేట శివార్లలో మాకొక ఫ్లాటు ఇచ్చారు. మూడో అంతస్తు. లిఫ్టు పెట్టలేదు, పేదవాళ్ల మోకాళ్లు గట్టివని వాళ్ల నమ్మకం. వంటగదిలో ఒకరు కూర కలుపుతుంటే రెండోవాళ్లు హాల్లో నిలబడి ఉప్పు అందించాలి. బ్లాకు వెనక మాత్రం విశాలమైన ఖాళీ స్థలం ఉంది. ప్లానులో దాని పేరు పార్కు. నేల మీద చూస్తే కంట్రాక్టరు వదిలేసిపోయిన సిమెంటు పెళ్లలు, సర్కారు తుమ్మ కంప.

ఆ ఫ్లాటుకి మా అత్తయ్య ఒక ట్రంకుపెట్టెతో వచ్చింది. రొంపిచెర్ల దగ్గర పల్లెలో బతుకంతా కౌలుకి మిరప వేసిన మనిషి. వరసగా రెండేళ్లు నల్ల తామర పురుగు పడి పూతంతా రాలిపోయింది. ఆ తర్వాత మామయ్య పోయాడు. "ఇక మట్టి ముట్టను. మిరప మొహం చూడను," అని బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుంది. కిందికి దిగేది కాదు. రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కునేది. మా ఆయన పిడుగురాళ్లలో సున్నం లారీ నడుపుతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. పొద్దున్నే తలుపు దగ్గరికి లాగి బయల్దేరుతుంటే నాకు భయం వేసేది. ఈ మనిషి అట్లా కూర్చునే ఒకరోజు లేకుండా పోతుందేమోనని.

మా కాలనీ కమిటీ ప్రెసిడెంటు కింది అంతస్తులో ఉంటాడు. రిటైరైన బస్సు కండక్టరు, మేమంతా బాబాయి అంటాం. వెనక స్థలం బాగుచేసి మన కూరగాయలు మనమే పండించుకుందామని ఆయన మీటింగు పెట్టాడు. బెండ వేద్దాం, వంగ వేద్దాం, ఆకుకూరలు వేద్దాం అని అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికో మడి అన్నారు. అత్తయ్యని తలుచుకుని నేనూ చెయ్యెత్తాను.

కంప కొట్టడం ఒక ఆదివారంతో అయిపోయింది. గట్లు వేయడం మాత్రం ఎంతకీ తెమల్లేదు. పల్నాడులో విత్తనం కంటే ముందు గట్టు పడాలి. దుప్పటి పరిచినంత మడికి మూరెడు వెడల్పు గట్టు. టేపుతో కొలిచారు, టేపే తప్పన్నారు, ఇంకో టేపు తెప్పించారు. తీరా చూస్తే మడుల కంటే గట్లే ఎక్కువ స్థలం తిన్నాయి.

ఇక మొక్కలు నాటారు. బెండ లేదు, వంగ లేదు. కాలనీ కాలనీ మొత్తం మిరపే వేసింది.

"ఏంది పిన్నీ, నువ్వు వంగ అన్నావుగా?" అని ఎదురింటి పిన్నిని అడిగాను.

"అందరూ వంగా బెండా వేస్తారు గదమ్మాయ్. మనం మిరప వేస్తే మార్చుకోవచ్చని," అంది.

మిగతావాళ్లనీ అడిగాను. ఇంటింటికీ ఇదే తెలివి. ఎవరికి వారు, తక్కినవాళ్లంతా అమాయకులని నమ్మి, గుట్టుగా ఒకే పని చేశారు. మొక్క నిలదొక్కుకోక ముందే గుంటూరు యార్డులో రేటెంతుందని ఫోన్లు మొదలయ్యాయి. ఆ దుప్పటంత మడుల నుంచి యార్డుకి ఏ వాహనంలో తోలదలిచారో నేను అడగలేదు.

మా మడి ఒక్కటే ఖాళీగా ఉంది. నేను బతిమాలినా, కొడుకు కోప్పడినా అత్తయ్య దిగలేదు. ఒక పొద్దున కాఫీ గ్లాసుతో కిందికి చూస్తున్నదల్లా ఉన్నట్టుండి లేచి నిలబడింది. మా పక్క మడి బాబాయిది. ఆయన గట్టు జానెడు మా మడిలోకి వచ్చేసింది. ఆ వయసు మనిషి మెట్లు అంత వేగంగా దిగటం నేనెక్కడా చూడలేదు.

"ఏందన్నయ్యా, నీ గట్టుకి కాళ్లొచ్చినయ్యా?"

"వానకి జారిందమ్మా."

"వాన నీ వైపు నుంచే తోసిందా?"

బాబాయి చేతిలోంచి పార లాక్కుని గట్టుని వెనక్కి నెట్టింది. అక్కడితో ఆగలేదు. మడిలో సిమెంటు పెళ్లలు కనపడ్డాయి, కూర్చుని ఏరటం మొదలుపెట్టింది. మర్నాడూ దిగింది. మేమంతా చేయలేని పని ఒక జానెడు ఆక్రమణ చేసింది. బాబాయికి నేను మనసులో దణ్ణం పెట్టుకున్నాను. ఆమె గోంగూర చల్లింది. "మిరప వేయరాదా అక్కా," అని పిన్ని అంటే మొహం తిప్పుకుంది.

చుట్టూ మిరప పూతకొచ్చింది. అత్తయ్య పిన్ని మడిలో ఒక పువ్వు తుంచి అరచేతిలో దులిపింది. నల్లటి నలుసులు కదిలాయి. చెయ్యి చీరకి తుడుచుకుని పైకి వచ్చేసింది. ఆ పూట అన్నం ముట్టలేదు. మళ్లీ బాల్కనీ, మళ్లీ కుర్చీ. ఆ పురుగు మీదా, కాలనీ మీదా, ఆ మీటింగులో చెయ్యెత్తిన నా మీదా నాకు ఒళ్లుమండిపోయింది. వంటగదిలో నిలబడి ఏడ్చాను. ఒకరు ఏడవటానికి ఆ వంటగది సరిగ్గా సరిపోతుంది.

కింద యుద్ధం నడిచింది. ఎవరి మందు వాళ్లది, ఎవరి రోజు వాళ్లది. బాబాయి కొడితే పురుగు పిన్ని మడికి పోయేది, పిన్ని కొడితే బాబాయి మడికి వచ్చేది. కాలనీలో గట్టుకి విలువివ్వని ప్రాణి అదొక్కటే. మా పెరుగన్నం కూడా మందు వాసన కొట్టింది. అందరూ కలిసి ఒకేరోజు కొట్టండని చెప్పబోతే, "నీ మడిలో మిరప లేదుగా, నీకేం," అన్నారు. పూత మొత్తం రాలింది. మొక్కలు పీకి కుప్పేశారు.

మిగిలింది మా గోంగూర. మందు పడిన ఆకు నేను దూసి పారేశాను, కొత్త చిగురు గుబురుగా వచ్చింది. పిన్ని మా గడపలోకి వచ్చి, "అక్కా, గోంగూర ముదిరిపోతంది, కొయ్యవా?" అంది. ముదిరిపోతుందన్న మాటకి అత్తయ్య లేచింది. ఒళ్లో నింపుకుని ఇంటింటికీ పంచింది.

సాయంత్రం పిన్ని మళ్లీ వచ్చింది. "పచ్చడి చేద్దామంటే మిరపకాయ లేదక్కా. కాలనీ అంతా కిరాణా కొట్టు ముందరే నిలబడుంది," అంది.

అత్తయ్య నవ్వింది. ఈ ఇంటికొచ్చాక ఆమె నవ్వగా చూడటం అదే మొదలు. కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఆ రాత్రి మూడో ముద్ద కూడా తిన్నది.

కొన్నాళ్లకి పొద్దున లేచేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. కిందికి చూస్తే అత్తయ్య, ఎవరితో తెప్పించిందో, మిరప నారు నాటుతోంది. పక్కన బాబాయి నీళ్ల చెంబు పట్టుకుని నిలబడ్డాడు. నేను దిగివెళ్లి చూశాను. నాటుతున్నది మా మడిలో కాదు, ఆయన మడిలోనూ కాదు, ఇద్దరికీ మధ్య గట్టు మీద.

"ఇక్కడ వేశావేంది అత్తయ్యా? రేపు కాయలెవరివి?"

వేలితో మొక్క మొదట్లో మట్టి అదిమింది.

"ముందు కాయనియ్యి. కాసినాక కొట్టుకుందాం."