ఏడో పాటలో బుజ్జి పేరు

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోయడమంటే తిండీ నిద్రా మానేసి కుమిలిపోతున్నానని అనుకోకండి. తింటున్నాను, పడుకుంటున్నాను, జనగామలో పెళ్లి బ్యాండులో కీబోర్డు వాయించుకుని బతుకుతున్నాను. కానీ ఎవరైనా వచ్చి "అన్నా, మీ ఆల్బంల ఏడో పాట వింటే కండ్లల్ల నీళ్లొస్తయే" అంటే వాడి చెంప పగలగొట్టాలనిపిస్తుంది. వాడేం చేశాడు పాపం? చేసింది నేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మేం ఇద్దరం, నేనూ భద్రూ. వాడిది మహబూబాబాద్ దగ్గర లంబాడీ తండా. గిటారు, గొంతు వాడివి. కీబోర్డు, డప్పు, రికార్డింగు, మిక్సింగు నావి. మాది రాక్ సంగీతమే కానీ ఒక పద్ధతిలో ఉండేది కాదు. ఒక పాట బతుకమ్మ చప్పట్లతో మొదలై గిటారు రంకెలతో ముగిసేది. ఇంకోటి పద్నాలుగు నిమిషాలు సాగేది. విని నవ్వినవాళ్లే ఎక్కువ. ఏడు పాటలకు రెండేళ్లు పట్టింది.

ఏడో పాటకు భద్రు వాళ్లమ్మ సక్రవ్వ పాడింది. తండాలో పెళ్లికూతురు అత్తారింటికి పోయే ముందు అయినవాళ్లను ఒక్కొక్కరినీ మెడ పట్టుకుని ఏడుస్తూ పాడుతుంది. ఢావ్లో అంటారు దాన్ని. ఊరికే కూర్చుని పాడమంటే రాదంది సక్రవ్వ, ఎవరినైనా పట్టుకోవాలట. అందుకని ఆమె భద్రు మెడ పట్టుకుంది, నేను మైకు పట్టుకున్నాను. అది వాళ్ల పెద్ద కూతురు బుజ్జి తన పెళ్లిలో పాడిన పాట. పెళ్లయిన ఏడాదికే బుజ్జి జ్వరంతో పోయింది. చివరికొచ్చేసరికి సక్రవ్వ పాట మరిచిపోయి కూతుర్ని పేరు పెట్టి పిలిచింది. మూడుసార్లు. కాసేపటికి ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని నాతో ఒకటే మాట చెప్పింది. "పాట వెట్టుకో బిడ్డా. పేరు వెట్టి పిలిచింది మాత్రం తీసెయ్. అది నాది, ఊరందరిది కాదు." తీసేస్తానన్నాను.

తీసేసి విన్నాను. చప్పగా ఉంది. తీయనిదాన్ని మళ్లీ విన్నాను. ఆ మూడు పిలుపుల కింద నా కీబోర్డు మెల్లగా లేస్తుంది. నా బతుకులో అంత బాగా ఎప్పుడూ వాయించలేదు. అసలు సంగతి అదే. కళ కోసం చేశానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. కళా లేదు, గాడిదగుడ్డూ లేదు. నన్ను నలుగురూ మెచ్చుకోవాలి, అంతే.

పాటలను నెట్‌లో ఎక్కించే పని భద్రుది. రెండు ఫైళ్లూ పెన్‌డ్రైవులో వేసి ఇచ్చాను. పిలుపు ఉన్నదానికి 'తీసేసింది' అని పేరు పెట్టాను. లేనిదానికి 'పాతది' అని పెట్టాను. వాడు విని చూసుకోడని నాకు తెలుసు. అక్క పేరు వచ్చే చోటుకు రాగానే వాడు హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టేసేవాడు, ఒక్కసారి కూడా చివరిదాకా వినలేకపోయాడు. వాడి దుఃఖమే నాకు అక్కరకొచ్చింది. పాటలు ఎక్కించిన మర్నాడే పెన్‌డ్రైవు తిరిగి తీసుకుని పేర్లు సరిచేసి పెట్టాను. ఎంత తెలివో చూడండి.

వారం తిరక్కుండా తండాలో ఎవరి ఫోన్‌లోనో సక్రవ్వ తన కేక తానే విన్నది. భద్రు ఆ పాటను నెట్‌లోంచి తీసేశాడు, కానీ అప్పటికే అది ఫోన్ల నిండా పాకిపోయింది. వాడు సరాసరి జనగామకు, నా గదికి వచ్చాడు.

"అన్నా, నేనే గల్తి ఫైలు ఎక్కించిన్నా?"

పెన్‌డ్రైవు పెట్టి చూపించాను. పేర్లు సరిగ్గానే ఉన్నాయి.

"రెండు పక్కపక్కనే ఉన్నయ్ కద తమ్మీ. చూసుకోక నొక్కినట్టున్నవ్."

"మా యాడి నన్ను ఇంట్లకు రావొద్దన్నది. అక్కను అంగట్ల వెట్టినవ్ అన్నది."

"జర ఓపిక వట్టు. అమ్మ కోపం ఎన్నొద్దులుంటది?"

"నీదేం తప్పు లేదన్నా. నేనే చెప్తా యాడికి. అన్న మంచిగనే చేసిండు, నాదే గల్తి అని."

చెప్పాడు కూడా, పిచ్చోడు. గిటారు ఎవరికో ఇచ్చేశాడు. భూపాలపల్లిలో బొగ్గు టిప్పర్ నడుపుతున్నాడు. మా గురించి రాసినవాళ్లంతా 'మొదటి ఆల్బం' అని రాస్తారు. రెండోది ఎక్కడిది? వాడి మీద కూడా నాకు కోపమే. ఒక్కసారి నన్ను అనుమానించి కాలర్ పట్టుకుని ఉంటే అప్పుడే చెప్పేసేవాణ్ని. చెప్పేవాణ్నా? ఏమో, ఇది కూడా అబద్ధమేనేమో.

పోయిన ఎండాకాలం వాళ్ల చెల్లెలు సునీత పెళ్లి. నన్ను పిలిచారు. భద్రును పిలవలేదు, అయినా వచ్చి టెంటు బయట నీళ్ల డ్రమ్ము పక్కన నిలబడ్డాడు. బుజ్జి పాడిన ఆ ఢావ్లోనే సునీత కూడా నాయిన మెడ పట్టుకుని పాడింది, తల్లి మెడ పట్టుకుని పాడింది. అన్న వంతు వచ్చింది. భద్రు వైపు చూసింది, తల్లి వైపు చూసింది. సక్రవ్వ మొహం తిప్పుకుంది. సునీత నడిచొచ్చి నా మెడ పట్టుకుంది.

ఆ పాటను నెలల తరబడి కోసి అతికినవాణ్ని, అందులో ప్రతి మాటా నాకు తెలుసు. ఆ పిల్ల సొంత అన్నకు పాడాల్సిన మాటలన్నీ నా చెవిలో పాడింది. నా చొక్కా తడిసింది. ఆపు, వాడు కాదు, నేను అని ఒక్క ముక్క అంటే అయిపోయేది. అనలేదు, నిలబడి పాడించుకున్నాను. ఆమె భుజం మీదుగా భద్రు కనిపించాడు. నా జాగాలో నువ్వన్నా ఉన్నవ్ అన్నట్టు నా వైపు చూసి తల ఊపాడు.

వాడికి చెప్తానని ఇక్కడ రాయను. నా మాట మీద నాకే నమ్మకం లేదు. ఫైలు మార్చింది నేను. తొమ్మిదేళ్లలో మొదటిసారి ఈ మాట నా బుర్రలోంచి బయటికొచ్చింది. కాస్త ఊపిరి ఆడుతోంది. వాడు ఇంకా భూపాలపల్లిలోనే ఉండగా నాకు ఇంత హాయిగా ఊపిరి ఆడటం మీద కూడా ఒళ్లు మండుతోంది.