కంచం వదిలి గోడెక్కిన పురుగు

నా ఎమ్మెస్సీ పట్టా ఎలా గంగలో కలవబోయిందో చెబుతాను. తప్పు నాదని మాత్రం అనకండి, నాకు ఒళ్లు మండుతుంది.

పండ్ల ఈగల పిల్లలుంటాయి, తెల్లటి బుల్లి పురుగులు. వాటి లాలాజల గ్రంథులు ఎంత పెరుగుతాయి, ఏం స్రవిస్తాయి అన్నది నా ప్రాజెక్టు. సెలవుల్లో ఆ సీసాలను భిలాయిలో మా క్వార్టర్‌కు తెచ్చి, మొక్కజొన్నపిండీ బెల్లమూ పెట్టి మేపాను. కొన్నాళ్లు బుద్ధిగా తిన్నాయి. తర్వాత కొన్ని మేత వదిలేసి సీసా గోడలెక్కసాగాయి.

మా ఇంట్లో కంచం ముందు నుంచి మధ్యలో లేవడం హత్యానేరం. అమ్మ విజయనగరం నుంచి గిన్నెలతోపాటు తెచ్చుకున్న చట్టమది.

"ఏటే, అవి అలగ లెగిసిపోతన్నాయి?" అంది అమ్మ.

"బెల్లం పెట్టి మేపుతుంటే నఖ్రాలు చేస్తున్నాయమ్మా."

"లోపలికి తోసియ్యి. తినకపోతే బలమెక్కడ్నించొస్తాది?"

కుంచెతో తోశాను. మళ్లీ ఎక్కాయి, సిగ్గులేని జాతి. విసుగొచ్చి ఎక్కినవాటిని పారేసి, తలెత్తకుండా తినే బుద్ధిమంతులనే పరీక్షకు ఉంచాను. పరీక్ష రోజున ఏప్రన్ తొడుక్కుని, సీసాను గుండెకు హత్తుకుని పవర్ హౌస్ సెంటర్‌లో కాలేజీకి ఆటో ఎక్కాను. గోతుల్లో ఎగిరినప్పుడల్లా దూది మూత కదిలింది. నేను పట్టించుకోలేదు.

పరీక్ష చేయడానికొచ్చిన మేడమ్ మైక్రోస్కోపులో చూసి మొహం చిట్లించింది. "ఇత్నీ ఛోటీ? ఇంత చిన్న గ్రంథా? గోడెక్కిన పురుగులేవి?"

"తిండి మధ్యలో లేచిపోతున్నాయని పారేశాను మేడమ్."

"తిండి అయిపోయాకే లేస్తాయి బేటా. గోడకు అతుక్కోవడానికి కావలసిన జిగురు అప్పుడే గ్రంథి నిండా ఉంటుంది. అలాంటిది ఒక్కటైనా చూపించకపోతే ఫెయిల్."

దిగితేగానీ లోతు తెలియదంటారు. వీటికి ఎక్కితేగానీ విలువ రాదట! పుస్తకంలో ఉందట. ఉండొచ్చు, ఆ పేజీని అంత చివర పెట్టమన్నదెవరు?

నాకు ఏడుపొచ్చేలా ఉంది. అంతలో మేడమ్ నా మెడవైపు చూసి, "కదలకు" అంది. నా ఏప్రన్ కాలర్ మీద పాకుతున్న లావుపాటి పురుగును సూదితో తీసింది. మూత సందులోంచి పారిపోయి నన్నే గోడనుకుని ఎక్కిందన్నమాట. కోసి చూస్తే దాని గ్రంథులు పాయసంలో ఉడికిన సగ్గుబియ్యాన్ని దండ గుచ్చినట్టున్నాయి.

పాసయ్యాను. చెప్పినమాట విననిదాని దయవల్ల!

ఆ సగ్గుబియ్యం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈగ జాతైనా, మనిషి జాతైనా, కంచం ముందు నుంచి లేచినవాళ్లను జన్మలో వెనక్కి తొయ్యను. ఆ రోజు ఈ మాటే అమ్మకు ప్రకటించి, అన్నం ముందు నుంచి ఠీవిగా లేవబోయాను.

"కూకో," అంది అమ్మ.

కూర్చున్నాను.