కాలు కేకు

మా తోడికోడలికి భయం, మొహమాటం రెండూ లేవని నేను కాపురానికొచ్చిన వారంలోనే కనిపెట్టాను. ఆవిణ్ణి అక్కా అంటాను. ముప్ఫై ఏళ్ళు దర్జీపని చేసి, నడుం పట్టేసి మిషను తొక్కలేక చివరికి కేకుల్లోకి దిగింది. మెళ్ళో టేపు మాత్రం తియ్యలేదు. తాళాలాయనకి తాళంకప్ప, పళ్ళ డాక్టరుకి దవడ, ఎవరు ఏ ఆకారంలో కేకు అడిగినా కాదనదు. కేకుని కత్తితో చెక్కి, ఫాండెంట్ అనే పంచదార ముద్దని పలచగా ఒత్తి, చొక్కా తొడిగినట్టు తొడుగుతుంది. వంటగది మా ఇద్దరిదీ కాబట్టి ఆవిడ చేసే ఘోరాలన్నీ నా కళ్ళముందే జరుగుతాయి.

ఆ రోజు వెనక వీధి బస్సు డ్రైవరు చంకకర్రల మీద వచ్చాడు. ఏడాది కిందట ప్రమాదంలో ఒక కాలు పోయిన మనిషి.

"నా కాలు చేసిపెట్టాలమ్మా. పోయిన కాలు. ఆదివారం నా పుట్టినరోజు," అన్నాడు.

నా చేతిలో గిన్నె కిందపడింది. అక్క రెప్పైనా వెయ్యకుండా, "ఎన్ని కిలోలు?" అంది.

"నీకు మతి పోయిందా అక్కా!" అని అరిచేశాను, మనిషి ఎదురుగా ఉన్నాడన్న ధ్యాస కూడా లేకుండా.

ఆయన నొచ్చుకోలేదు. "మా ఇంట్లో కాలు అనే మాటే లేదమ్మా. మొన్న కుర్చీ కాలు విరిగితే మా ఆవిడ 'అది విరిగింది' అంది. మా పిల్లకి పదకొండేళ్ళు. ఇదివరకు నా వీపు దిగేది కాదు. ఇప్పుడు పక్కన కూర్చోదు, మొహం దాటి కిందికి చూడదు. కేకునైనా చూస్తుందేమోనని నా ఆశ."

అక్క నేలమీద కాగితం పరిచి, ఉన్న కాలు దానిమీద పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీసింది. పిక్క, చీలమండ, మడమ అన్నీ కొలిచి రాసుకుంది.

"చొక్కాకి ఒక చెయ్యి కొలిస్తే రెండోది వచ్చేస్తుంది అన్నయ్యగారూ. ఇదీ అంతే," అంది.

శనివారం పొద్దున్నే పాలకోసం ఫ్రిజ్ తలుపు తీశాను. మధ్య అరలో క్రీము పూసిన కాలొకటి, అరికాలు నావైపు పెట్టి పడుకుని ఉంది. నేను పెట్టిన కేకకి పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. వాళ్ళకేం చెప్పను? బల్లి అన్నాను.

మధ్యాహ్నానికి అక్క దానికి ఫాండెంట్ చర్మం తొడిగింది. పుల్లతో నరాలు తేల్చింది, గోళ్ళు అంటించింది, కణుపుల దగ్గర కోకో పొడి అద్దింది. మా వంటగట్టు మీద నిజం మనిషి కాలు!

"ఆ పిల్ల జడుసుకుని, తండ్రి మొహం కూడా చూడ్డం మానేస్తే ఏం చేస్తావు తల్లీ?" అన్నాను.

అక్క చేతులు ఆగిపోయాయి. "ఏమో," అంది. ఆవిడ నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

ఆదివారం కేకు పెట్టిన అట్టని మొయ్యడానికి ఇద్దరు కావాలి కాబట్టి నేనూ వెళ్ళాను గానీ, లేకపోతే ఛస్తే వెళ్ళేదాన్ని కాదు. డ్రైవరు ఇంటి ముందుగదిలో పదిమంది దాకా చుట్టాలున్నారు. అక్క మూత ఎత్తింది. ఎవరో ముసలావిడ "ఛీ ఛీ, ఇదేం పనమ్మా!" అంది. డ్రైవరు భార్య చేత్తో నోరు మూసుకుంది. నేల చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

తలుపు చాటునుంచి పిల్ల వచ్చింది. కేకు వంక చూసింది. చూపు తిప్పేసుకుంటుందనుకున్నాను, తిప్పలేదు. కేకునుంచి తండ్రి వైపు, మడిచి పిన్ను పెట్టిన పాంటు వైపు, పక్కనున్న పాదం వైపు చూసి మళ్ళీ కేకు దగ్గరికొచ్చింది.

"నాన్నా, ఇది కుడికాలు."

ఎవరికీ అర్థం కాలేదు.

"నీకు పోయింది ఎడమకాలు కదా! బొటనవేలు ఇటుండాలి!"

అక్క మొహంలో నెత్తురుచుక్క లేదు. గీసిన కాగితాన్ని తిరగెయ్యడం మర్చిపోయింది. వేల చొక్కాలకి చేతులు తిరగేసి కత్తిరించిన మనిషి!

డ్రైవరు కేకుని చూశాడు, తన పాదాన్ని చూసుకున్నాడు. పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టాడు. "రెండూ కుడికాళ్ళేనా! ఇహ నాకు చెప్పులు ఏ కొట్లో దొరుకుతాయే?"

"దొరికినా ఆ కాలికి మీరు చెప్పులేసుకుని ఎక్కడికెళ్తారు?" అనేసింది ఆయన భార్య. అనేసి, తనే ఉలిక్కిపడి, ఏడుస్తూ నవ్వింది.

పిల్ల మాత్రం నవ్వలేదు. వచ్చి తండ్రి పక్కన కూర్చుంది.

"నొప్పిగా ఉంటుందా?" అంది.

"నొప్పి లేదమ్మా. లేని వేళ్ళు దురద పెడతాయి. గోక్కుందామంటే ఏముంది అక్కడ?"

"ఏ వేలు?"

ఆయన కేకు కాలి చివరి వేలు చూపించాడు. పిల్ల కేకు మీదికి వంగి, ఆ చిటికెనవేలిని గోటితో మెల్లగా గోకింది. పంచదార పొడి రాలింది.

"తగ్గిందా?" అంది.

"ఇంకొంచెం," అన్నాడాయన.