గాజుతొట్టిలో ఈతగాడు

ఈతగాడి పడుచు వయసంతా ఓడల అడుగున గడిచిపోయింది. రేవులో ఓడ ఆగితే నీళ్లలోకి దిగి, దాని పొట్టకు పట్టిన గుల్లలు గీకడం ఆయన పని. పైన పడవలో కూర్చుని, ఆయన నడుముకు కట్టిన తాడు పట్టుకునేది ఆయన భార్యకు అన్న. ఇద్దరూ ఒకరినొకరు ‘బావా’ అనే పిలుచుకునేవారు. పనిలో మాటలుండవు, తాడే మాట్లాడుతుంది. కిందినుంచి గట్టిగా ఒక్క గుంజు గుంజితే పైకి లాగాలి. ఎందుకని అడగకూడదు.

ఒకనాడు ఆ తాడు చుక్కాని సందులో ఇరుక్కుంది. చీకట్లో ఎంత గుంజినా పైకి తెలియలేదు. బావ అనుమానపడి తానే దూకాడు. బయటికి లాగేసరికి కొనఊపిరి మిగిలింది.

ఆ తర్వాత ఆయన నీళ్లలో దిగలేదు. చెవి పాడైందని అందరికీ చెప్పాడు. భార్యకూ అదే చెప్పాడు. స్నానం చేసేటప్పుడు మాత్రం గది తలుపు ఓరగా వదిలేవాడు.

ఖరీదైన గడియారాల దుకాణంవాళ్లు ఆయన కథ విని వెతుక్కుంటూ వచ్చారు. వాళ్లమ్మేది నడిసముద్రంలో దిగేవాళ్ల గడియారం. కొనేవాళ్లెవరూ నీళ్లలో దిగరు. పెట్టెలో దాచుకుని అప్పుడప్పుడు మూత తీసి చూసుకుంటారు. ఈయన కోటు వేసుకుని, గడియారం పెట్టుకుని, ఇరుక్కుపోయిన సంగతి కొనేవాళ్లకు చెప్పాలి.

“ఆ చీకట్లో గడియారం ముళ్లు మెరిశాయని కూడా చెప్పండి” అన్నాడు మేనేజరు.

“అప్పుడు నాకు గడియారమే లేదండీ.”

“ఉంటే మెరిసేవి కదా!”

రోజూ సాయంత్రం ఆ సంగతి చెబుతూ ఆయన ఓడ కిందికి వెళ్లి వచ్చేవాడు. భార్య మురిసిపోయేది. “పెళ్లినాడు కూడా ఇంత దర్జాగా లేరు. ఒంటికి ఆ ఉప్పు వాసనే పోయింది” అనేది. ఆ మాట విన్నాక మానేస్తానని ఎలా అంటాడు?

కొత్త రకం గడియారం వచ్చింది. మునుపటికంటే లోతుకు పనికొస్తుందట.

“అంత లోతుకు పోతే నేనుండనుగా. టైము ఎవరికి చెబుతుందండీ?” అన్నాడు ఈతగాడు.

మేనేజరు నవ్వాడు. దుకాణం మధ్యలో గాజుతొట్టి కట్టిస్తున్నామనీ, దానిలో దిగి చూపించాలనీ చెప్పాడు.

“నా చెవి...”

“డాక్టరునడిగాను. మనిషెత్తు నీళ్లకు చెవికేం కాదట.”

ఈతగాడికి ఒప్పుకోక తప్పలేదు. “నడుముకు తాడుండాలి. మా బావ పట్టుకోవాలి” అన్నాడు.

“తొట్టికి తాడేమిటండీ! నవ్విపోతారు.”

“నవ్వనివ్వండి.”

తొట్టి సిద్ధమైన సాయంత్రం బావ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి, తొట్టి పక్క నిచ్చెనమీద నిలబడ్డాడు. భార్య ముందు వరుసలో కూర్చుంది. ఈతగాడు ముఖానికి అద్దం, నోటికి గాలిగొట్టం పెట్టుకుని దిగాడు. నాలుగు వైపులా ముఖాలు గాజుకు అతుక్కున్నాయి. అందరి కళ్లూ మణికట్టుమీదే. మేనేజరు సైగ చేస్తే చెయ్యెత్తాడు. ఒకటి, రెండు అని ఊపిరి లెక్కపెట్టుకుంటున్నాడు.

అంతలో దుకాణంలో దీపాలు ఆర్పేశారు.

ముళ్లు పచ్చగా వెలిగాయి. బయటినుంచి ‘ఆహా’ అన్న మాట మందంగా వినిపించింది. ఆయనకు నెత్తిమీద ఓడ తగిలింది. గాజు ఎటువైపుందో తెలియలేదు. రెండు చేతులా తాడు పట్టుకుని గుంజాడు.

వెంటనే తాడు బిగిసింది. నడుం పైకి లేచింది. తల నీళ్లు దాటాక మొదట విన్నది మేనేజరు గొంతు. “ఇంకాసేపుండాలి! ఫొటోలు తీస్తున్నారు! ఎవరు లాగమన్నారు?”

“ఆయనే” అన్నాడు బావ. లాగడం ఆపలేదు.

దీపాలు వెలిగాయి. తొట్టి అంచుమీద వాలి ఈతగాడు దగ్గుతున్నాడు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. గదంతా అందుకుంది. భార్య లేచి నిలబడి మరీ కొడుతోంది.

మేనేజరు తువ్వాలుతో పరుగెత్తుకొచ్చి ముందు గడియారం తుడిచాడు. “అదరగొట్టారు! ఆ పెనుగులాట, ఆ దగ్గు! ఇద్దరు ఇప్పుడే కొంటామన్నారు. రోజూ ఇలాగే చేద్దాం. తాడు కూడా ఉండనివ్వండి.”

బావ వంగి, ఆయనకు మాత్రమే వినబడేలా అడిగాడు. “రేపు కూడా రావాలా బావా?”

ఈతగాడు నోరు తెరిచాడు. చప్పట్లు ఇంకా ఆగలేదు. అవి ఆగాక చెబుదామని ఊరుకున్నాడు.