కోటేశ్వరమ్మత్తకు చెప్పిన కొరియా కథ

ఇందులో ప్రతి అక్షరం నిజం. నా మాట నమ్మనివాళ్ళు మా చుట్టుపక్కల ఊళ్ళలో ఎక్కువమందే ఉన్నారు గనుక, ఎదురుగా ఉన్న పండుమిరప పచ్చడి జాడీ మీద చెయ్యి వేసి మరీ చెబుతున్నాను. జాడీ మూత తీసి ఉంది. మా ఆవిడ ఇప్పుడే దాంట్లోంచి ఒక గరిటెడు తీసి రోట్లో వేసింది. ఆ ఘాటుకు ముక్కు అదిరి నాకు తుమ్మొచ్చింది. సరిగ్గా అప్పుడే పక్కగదిలో మా అమ్మాయి ఫోనులో ఒక కొరియా తల్లి, ఎర్రగా కారం పట్టించిన క్యాబేజీ ఆకులను జాడీలో కుక్కుతూ కూతురిని తిట్టడం మొదలుపెట్టింది. తెలుగులోనే తిడుతోంది, ఈమధ్య కొరియా వాళ్ళందరికీ తెలుగు వచ్చేసింది. తుమ్ము, కారం, కొరియా తల్లి, ఈ మూడూ ఒకేసారి కలిస్తే నాకు కోటేశ్వరమ్మత్త గుర్తుకు రాకుండా ఉండదు.

పురుగుమందుల కొట్టు ముందు బల్ల వేసుకుని కొరియా సీరియళ్ళ మీద తీర్పులు చెప్పే వ్యాపారి ఈ మిరప పొలాల మధ్య నేనొక్కడినే అయి ఉంటాను. నా తీర్పులు మావాళ్ళకు కంఠతా వచ్చు. మన హీరో కత్తి పట్టుకోవడంలో చూపించే నేర్పంతా వాళ్ళ హీరో గొడుగు పట్టుకోవడంలో చూపిస్తాడు. ప్రేమించానన్న ముక్క చెప్పడానికి సగం సీరియల్ తీసుకుంటాడు, ఆ సగమే బాగుంటుంది. రోడ్డు దాటేటప్పుడు ఎవరైనా నవ్వితే లారీ వస్తుందని మా అమ్మాయి కంటే ముందు నేనే చెబుతాను. మన సీరియళ్ళలా పెళ్ళికూతురు ముసలిదయ్యేదాకా సాగదీయరు, చప్పున ముగిస్తారు, అది వాళ్ళ గొప్ప. కానీ ఈమధ్య వచ్చినవాటితో నాకొక పేచీ ఉంది. చివరి భాగంలో తెర నల్లబడి 'ఒక సంవత్సరం తరువాత' అని అక్షరాలు పడతాయి. తెల్లారేసరికి తల్లీ కూతుళ్ళు కలిసిపోయి కూర తరుగుతూ ఉంటారు. ఆ సంవత్సరం ఏమైంది? ఎవరు ముందు గడప తొక్కారు? ఎవరు ముందు నోరు విప్పారు? కథంతా ఉన్నది ఆ సంవత్సరంలోనే కదా. ఈ మాట అన్నప్పుడల్లా మా అమ్మాయి, "మళ్ళీ మొదలెట్టాడు నాన్న" అంటుంది. దానికి కోటేశ్వరమ్మత్త తెలియదు.

కోటేశ్వరమ్మ మాకు చుట్టం కాదు. ఊరంతా అత్త అంటే నేనూ అత్తా అన్నాను. మిరప కోతలయ్యాక కల్లాల్లో కాయలు ఆరబోస్తారు. తొడిమలు తీసి, రంగు వెలిసిన తాలు కాయలను వేరుచేసే ఆడవాళ్ళ ముఠాకు ఆమె మేస్త్రి. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ముక్కుకు గుడ్డ కట్టుకుని కూడా ఆమె అరిస్తే పక్క ఊరి కల్లంలో వాళ్ళు సర్దుకుని కూర్చునేవారు. రెండువేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో నేను డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగం దొరక్క, మా నాన్న కల్లంలో మంచం మీద పడుకుని ఆకాశాన్ని పరీక్షిస్తూ ఉండేవాణ్ణి. నాకున్న ఒకే ఒక్క ఆస్తి హిందీ. ఆ సాయంత్రాల్లో టీవీలో ఒక కొరియా సీరియల్ హిందీ మాటలతో వచ్చేది. మా ఇంట్లో టీవీ ఉంది, ఊళ్ళో హిందీ లేదు. ఆ సీరియల్ పాట వినిపిస్తే తప్ప మా గేదె పాలు చేపేది కాదంటే నమ్మరు. కరెంటు పోయిన రోజు మా అమ్మ ఆ పాట తనే కూనిరాగం తీస్తూ పాలు పితికేది.

ఒకరోజు కోటేశ్వరమ్మత్త నా మంచం దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఏరా అబ్బాయ్, మీ ఇంట్లో ఆ చిన్నకళ్ళ వాళ్ళ బొమ్మేదో వస్తందంటగా. ఏం కథరా అది?"

"నువ్వే వచ్చి చూడొచ్చుగా అత్తా."

"పొద్దంతా ఈ ఘాటులో మండిన కళ్ళతో నేనేం చూస్తానురా. నువ్వు చూడు. తెల్లారాక వచ్చి మాకు చెప్పు. నీకూ ఒక కూలి రాస్తాలే, కూచుని తినేవాడివి కూచునే సంపాదించు."

అలా నేను ముఠాలో చేరాను. నేను చేసిన మొదటి ఉద్యోగం అదే. ఆడవాళ్ళు వరసగా కూర్చుని కాయ తీసుకుని తొడిమ తుంచుతుంటే, నేను ఎత్తుపీట మీద కూర్చుని కొరియా కథ చెప్పేవాణ్ణి. ఏ కల్లానికి పని పడితే ఆ కల్లానికి ముఠాతోబాటు వెళ్ళేవాణ్ణి. కథ ఎలా చెప్పాలో నాకు నేర్పింది కోటేశ్వరమ్మత్తే. "ఏడుపు అన్నాలయ్యాక చెప్పరా, పొద్దున్నే ఏడిస్తే చేతులు నడవ్వు. కొట్లాట ఎండ ముదిరాక చెప్పు, కోపంలో తొడిమలు చకచకా ఊడతాయి. సాయంత్రం లేచే ముందు మంచి చోట ఆపు. రేపు ఒక్కతి కూడా పని మానదు." నిజంగానే మానేవారు కాదు. జ్వరం వచ్చినవాళ్ళు కూడా దుప్పటి కప్పుకుని వచ్చి, హీరోయిన్ ఉత్తరం చదివిందో లేదో తెలుసుకుని పోయేవారు.

మనుషులను ఆమె కాయలను ఏరినట్టు ఏరేది. హీరో మొదటిసారి ప్రవేశించిన రోజునే తేల్చేసింది. "వాడు తాలు కాయరా. ఇప్పుడు నిగనిగలాడతాడు. ఎండితే తెల్లబోతాడు చూడు." ఆ హీరో చివరిదాకా బంగారంలాంటి మనిషిగానే ఉన్నాడు. ఆ మాట గుర్తుచేస్తే, "ఇంకా ఎండలేదులే" అనేది. నేను కథలో అక్కడక్కడ నా సరుకు కలిపేవాణ్ణి. ఒకసారి హీరోయిన్ గదిలోకి పామును పంపించాను. కోటేశ్వరమ్మత్త కాయ తుంచుతూనే అంది, "ఆ దేశంలో ఆ పామెక్కడిదిరా? నిన్న మన కాయలు ఆరబోసిన పట్టా కింద కొట్టిన పామేగా?" అందరూ నవ్వారు. నేను తల దించుకున్నాను. "ఉండనీలే, బాగానే పాకింది. చెప్తే చెప్పావ్ గానీ, పనికొచ్చే అబద్ధం చెప్పరా. పనికిరాని అబద్ధం నోటికి చేటు." నా బతుకులో నాకు దొరికిన చదువంతా ఆ ఒక్క మాటే.

ఆ సీరియల్లో ఒక తల్లి ఉండేది. చిన్న పచ్చళ్ళ దుకాణం. ఒక్కతే కూతురు, ఇష్టం లేని పెళ్ళి చేసుకుని ఎక్కడో ఓడలు ఆగే ఊరికి వెళ్ళిపోయింది. తల్లి మాట్లాడదు. కానీ ఏటా పచ్చడి పెట్టినప్పుడు కూతురి వాటా ఒక చిన్న జాడీలో విడిగా తీసి పెడుతుంది. పంపదు. ఆ జాడీ సంగతి నేను చెప్పిన రోజున కల్లంలో చేతులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఎందుకంటే కోటేశ్వరమ్మత్త కూతురు నాగమణి, ఊళ్ళోకి ఎండుచేపలు అమ్మడానికి వచ్చే కుర్రాణ్ణి చేసుకుని వాడరేవు వెళ్ళిపోయింది. "ఆ గడప తొక్కను" అని ఈమె నలుగురిలో అంది. ఈమె ఇంట్లో అటకమీద కూడా ఏటా ఒక చిన్న జాడీ ఉండేది. అది ఎవరి వాటానో ముఠాలో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు.

రమణమ్మ అనే ఆమె ముందు నోరు విప్పింది. "వీడు అత్తను చూసి అల్లుతున్నాడే. కొరియాలో జాడీలెక్కడివి?"

కోటేశ్వరమ్మత్త ముక్కుగుడ్డ కిందికి లాగింది. "ఏరా, నిజంగా ఉందా అది కథలో?"

"ఉందత్తా."

"అయితే ఇక నుంచి ఆ తల్లి సంగతి చెప్పేటప్పుడు రాశి మీద చెయ్యేసి చెప్పు."

కల్లంలో పోసిన పంట రాశి మీద చెయ్యి వేసి మా వైపు ఎవరూ అబద్ధమాడరు. ఆడితే వచ్చే ఏడు ఆ చేనులో కాయ నిలవదంటారు. నేను చెయ్యి వేశాను. ఆ రోజునుంచి ఆమె నన్ను హీరో సంగతి అడగలేదు. పొద్దున్నే ఒకటే ప్రశ్న: "ఆవిడ కూతురి దగ్గరికి పోయిందా, లేదా?" లేదంటే, "పోద్దిలే" అనేది. ఒకరోజు మాత్రం, నాకొక్కడికే వినపడేట్టు, "ఆవిడ పోతే చూద్దాంరా" అంది.

ఆఖరి భాగం వచ్చింది. మర్నాడు నేను వెళ్ళేసరికి ఎవరూ పని మొదలుపెట్టలేదు. రాశి మీద చెయ్యి వేశాను. ఆ తల్లి చిన్న జాడీని గుడ్డలో మూట కట్టుకుందనీ, బస్సుల చోటుకు వచ్చిందనీ, బస్సు వచ్చిందనీ చెప్పాను. "ఎక్కిందా?" అంది కోటేశ్వరమ్మత్త. ఎక్కిందన్నాను. ఆమె చేతిలో ఉన్న కాయను తొడిమ తుంచకుండానే రాశిలోకి విసిరేసింది. తరువాత, "రేపు నాతో చీరాల దాకా రారా, నాకు బస్సుల మీద పేర్లు తెలియవు" అంది.

వెళ్ళాం. చీరాలలో దిగి ఆటో ఎక్కాం. దారి పొడుగునా ఒడిలో జాడీని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. వాడరేవులో ఇసుక మీద ఆరబోసిన చేపలను తిరగేస్తున్న నాగమణి తలెత్తి చూసి, చేతిలో చేప అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"ఏమే, ఇంత నల్లబడ్డావ్?" అంది తల్లి.

"సముద్రం గాలమ్మా. నీ కళ్ళేంటి అట్లా ఎర్రగా ఉన్నయ్?"

"మిరపకాయలేలే."

అల్లుడు కుర్చీ తెచ్చి, "కూచోండత్తా" అన్నాడు. ఆమె కుర్చీలో కూర్చోలేదు, ఒడ్డుకు లాగిన పడవ అంచు మీద కూర్చుంది. కూతురు పెట్టిన అన్నంలో చేపల పులుసు కలుపుకుని, పచ్చడి నంజుకుని, "ఉప్పెక్కువేశావే" అంది. "నీ పచ్చడంత కాదులే" అంది నాగమణి. తల్లి నవ్వింది. అలలు పడవ కింద దాకా వచ్చి పోతున్నాయి.

ఇప్పుడు ఒప్పుకోవాల్సిన చోటుకు వచ్చాను. వాడరేవు వెళ్ళడం అబద్ధం. ఎక్కిందన్న మాట నేను ఆ రోజున అనలేదు. ఆ సీరియల్లో బస్సు వచ్చింది, తలుపు తెరుచుకుంది, కాసేపు ఆగింది, వెళ్ళిపోయింది. ఆ తల్లి జాడీ పట్టుకుని అక్కడే నిలబడి ఉండగా కథ ముగిసింది. పాములను ఉన్నచోటా లేనిచోటా పాకించిన నేను, ఆ ఒక్కరోజు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చేయి రాశి మీద ఉంది. రమణమ్మ నా మొహంలోకే చూస్తోంది. అబద్ధాలకోరు అనిపించుకోకూడదని మొట్టమొదటిసారి నాకు పట్టుదల పుట్టింది, పుట్టక పుట్టక ఆ రోజే పుట్టింది. కోటేశ్వరమ్మత్త అంతా విని, "ఆవిడే పోలేదంటే ఇక నేనేంటిలే" అని ముక్కుగుడ్డ పైకి కట్టుకుంది. "కానివ్వండే, పొద్దెక్కింది" అంది. చేతులు నడిచాయి.

ఒక సంవత్సరం తరువాత అని తెర మీద పడే అక్షరాలంటే నాకు అందుకే గిట్టదు. మరుసటి ఏడు కాయ ఎర్రబడకముందే కోటేశ్వరమ్మత్త పోయింది. నాగమణి వచ్చింది. దినాలయ్యాక అటక మీది జాడీ దింపి, మూత తీసి, వాసన చూసి, నా వైపు తిరిగి, "అమ్మ ఎప్పుడైనా మా ఇంటికి వద్దామనుకుందా అన్నా?" అని అడిగింది. అప్పటికైనా పనికొచ్చే అబద్ధం ఒకటి నోట్లో ఉండాల్సింది. తడుముకున్నాను. దొరికేలోపు ఆమె మూత పెట్టేసింది.

ఆ రోజు దొరకని అబద్ధమే పైన రాసిన వాడరేవు. ఆ పులుసు, ఆ ఉప్పు, ఆ పడవ అంచు, అన్నీ ఇన్నేళ్ళలో ఒక్కొక్కటే సమకూర్చుకున్నవి. ఒట్టు వేశాను కదా అంటారేమో, జాడీ మీదే వేశాను, జాడీ మీది ఒట్టుకు మా వైపు చెల్లుబాటు లేదు. మిగిలిందంతా నిజం. గేదె సంగతి కూడా నిజమే. దానికి మాత్రం రాశి మీద చెయ్యి వేస్తాను.