మా నాయినకు నిద్ర పట్టని పాఠం

నా అసూయకు పుట్టిన తేదీ ఉంది. 1964 జనవరి 19, ఆదివారం, సాయంత్రం ఆరు గంటలు. నాచారంలో మా ఇంటి అరుగు మీద నేను ఫ్రెంచి విప్లవానికి కారణాలు ఒప్పజెబుతుండగా మా నాయిన నిద్రపోయాడు. నా తరువాత నా సహాధ్యాయి అదే పాఠం ఎత్తుకోగానే లేచి కూర్చున్నాడు.

మా నాయినకు అక్షరాలు రావు. అయినా ఒకటో తరగతి నుంచి ప్రతి సాయంత్రం నా పాఠం ఆయనకు ఒప్పజెప్పవలసిందే. ఎక్కాలు, పద్యాలు, జిల్లాల పేర్లు అన్నీ ఆయన ముందు చేతులు కట్టుకొని చెప్పినవే. తప్పో ఒప్పో ఆయనకు తెలియదు. తడబడితే మాత్రం కనిపెట్టేవాడు. మా వంశంలో బడి మెట్టు ఎక్కిన మొదటివాణ్ని నేను. నా చదువులో ఆయన తీసుకున్న పాలు ఆ వినడమే. హెచ్.ఎస్.సి. చివరి సంవత్సరంలో నేను చరిత్రను ప్రత్యేక విషయంగా తీసుకున్నాక ఆ వినడం సన్నగిల్లింది. మా పొలంలో సగం కార్ఖానాకు పోయింది. నాయిన వారమంతా ఆ కార్ఖానాలోనే మూటలెత్తి, ఆదివారం మిగిలిన మడిలో దిగేవాడు. నేను రెండో కారణం ముగించేసరికి ఆయన తల గోడకు ఆనేది.

“నీ సదువు మంచిదే గని, దినమంత బరువులు మోసినోనికి జోలపాట లెక్క ఉంటది,” అనేది అమ్మ లోపలి నుంచి.

ఉప్పల్‌లోని మా బడి గ్రంథాలయం చరిత్ర పుస్తకాన్ని ఇద్దరికి ఒకటి చొప్పున ఇచ్చింది. నాకు జతపడినవాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుటుంబంవాడు. వాళ్ల నాన్నగారు పరిశోధనశాలలో ఉద్యోగి; వాళ్ల ఇంట్లో అల్మారా నిండా ఇంగ్లీషు పుస్తకాలు. పునశ్చరణ కోసం సైకిలు మీద మా ఇంటికి వచ్చేవాడు.

ఆ ఆదివారం నేను క్రమం తప్పకుండా చెప్పాను: రాజకీయ కారణములు, సాంఘిక కారణములు, ఆర్థిక కారణములు. నాయిన గురక పెట్టాడు. మిత్రుడు పుస్తకం మూసి, “బాబాయిగారూ, ఆ దేశంలో జనానికి రొట్టె కరువైందండి,” అన్నాడు.

నాయిన కళ్లు తెరిచాడు. “మరి రాజేం జేస్తుండె?”

“తాళాలు తయారుచేసుకుంటూ కూర్చున్నాడండి. ఆయనకదే సరదా.”

“తాళాలా? గంత పని వస్తె మా కార్ఖానల వెట్టుకుందురు గద, బిడ్డా.”

ఇద్దరూ నవ్వారు. నన్ను ‘ఓరి’ అని తప్ప పిలవని మనిషి నోట ‘బిడ్డా’ అన్న మాట రావడం నేను విన్నాను. చేతిలో ఉన్న కాగితం మీద నా కారణాలు ఒకటి, రెండు, మూడు అని వరుసగా నిలబడి ఉన్నాయి. ఒక్కటీ నాకు అక్కరకు రాలేదు.

ఆ నాటి నుంచి వాడి సైకిలు గంట వినబడితే నాయిన గబగబా కాళ్లు కడుక్కొని వచ్చేవాడు. అమ్మ వాడికి పల్లీలు వేయించి పెట్టేది. వాడు చేతులు తిప్పేవాడు, గుర్రాల డెక్కల చప్పుడు నాలుకతో చేసేవాడు. పరీక్షలో ఈ చప్పుళ్లకు మార్కులు రావని నాలో నేను అనుకొనేవాణ్ని. ఆ అనుకోవడంలో కొంత ఆశ కూడా ఉండేది.

పరీక్షలకు ముందు సెలవులిచ్చారు. మిత్రుడు చదువుకోవడానికి అమ్మమ్మగారి ఊరికి వెళ్లాడు. వెళ్లే ముందురోజు సాయంత్రం కథను ఒకచోట ఆపాడు: రాజు నౌకరు వేషం వేసుకొని, భార్యాబిడ్డలతో బండిలో పారిపోతున్నాడు.

రెండు మూడు రోజులు నాయిన అరుగు మీద ఊరికే కూర్చున్నాడు. చివరికి అడిగాడు.

“నీ సోపతిగాడు ఎప్పుడొస్తడు?”

“ఎందుకు?”

“గా రాజు దొరికిండా, తప్పిచ్చుకున్నడా అని.”

“నాకు తెల్సు గద, నాయినా.”

ఆయన నా వైపు ఆశ్చర్యంగా చూశాడు. “నీ పుస్తకంల గూడ ఉన్నదా గది?”

ఒకే పుస్తకమని, నెలన్నరగా నేను చెప్పిందీ వాడు చెప్పిందీ ఒకే పాఠమని ఆయనకు తోచనే లేదు. ఆ మాట నాకు తగిలినంతగా ఏ ఉపాధ్యాయుడి బెత్తమూ తగల్లేదు. పుస్తకం తెరిచాను. అందులో ఒకే వాక్యం: రాజు పారిపోవ యత్నించి పట్టుబడెను. అది చదివి వినిపిస్తే, “గంతేనా?” అన్నాడు.

మర్నాడు ఉప్పల్‌కు నడిచివెళ్లి మా చరిత్ర ఉపాధ్యాయుణ్ని ఇంటి దగ్గరే పట్టుకొని, రాజు ఎలా పట్టుబడ్డాడో అడిగాను. సాయంత్రం కాగితం లేకుండా కూర్చున్నాను. అలవాటు కొద్దీ “మొదటిది” అన్నాను.

“లెక్కలు వద్దు. బండి యాడిదాంక వోయింది?”

“సరిహద్దు దగ్గరి దాంక. గుర్రాలు మార్చే కాడ ఒకడు తొంగి జూసిండు. ఆ మొకం యాడనో జూసినట్టున్నదే అనుకున్నడు.”

“యాడ జూసిండు?”

“డబ్బుల మీద. రాజు బొమ్మ ఉంటది గద. గట్ల పట్టుకున్నరట.”

నాయిన తొడ మీద చరుచుకొని నవ్వాడు. “ఆని పైసనే ఆన్ని పట్టిచ్చింది.” కథ పూర్తయ్యేదాకా గోడకు ఆనలేదు. లేస్తూ అన్నాడు: “మంచిగనే జెప్పినవ్. గా పిలగాడైతే గుర్రాల సప్పుడు గూడ జేస్తుండె.”

ఫలితాలు చూస్తే చరిత్రలో నాకు మిత్రుడికన్నా ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆ సంగతి చెబితే నాయిన, “అయ్యో, గా పిలగానికి తక్కువొచ్చినయా?” అన్నాడు.

ఆ వేసవిలో వాళ్ల నాన్నగారికి బదిలీ అయింది. మిత్రుడు మళ్లీ మా అరుగెక్కలేదు. నేను పాఠాలను అంకెలు వేసి ఒప్పజెప్పడం మానేశాను. బి.ఏ.లో కూడా చరిత్రే తీసుకున్నాను. ఆ మూడేళ్లూ నాయిన మేలుకొని విన్నాడు.